విసుగు వేరు, వెగటు వేరు

(హైదరాబాద్ చిక్కడపల్లిలో ఒక ఆదివారం సాయంత్రం చిన్న సభలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టుగా, కొద్దిపాటి సవరణలతో.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? ఆ మూల ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, చప్పుడుగా ఉంది. ఆఁ, చాలు.

రోజూ చేసిన పనే చేసి చేసి విసిగిపోవడం గురించి మాట్లాడమని అడిగినప్పుడు నేను వెంటనే సరేనన్నాను. దీని మీద నాకు చెప్పాల్సింది చాలా ఉంది. నేను డాక్టర్‌ని కాను, కౌన్సెలర్‌ని కాను. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. నాకు నలభై ఒకటి. పెళ్లి కాలేదు. అమ్మా నేనూ ఇక్కడికి రెండు వీధుల అవతల ఉంటాం. ఇరవై తొమ్మిదో ఏట నుంచి సంబంధాలు చూస్తూ వచ్చాం, అందులో చివరి నాలుగేళ్లు ఫోన్లో డేటింగ్ యాప్‌లు కూడా వాడాను. వంట, అంట్లు, బట్టలు, ఆఫీసు, సంబంధాలు అన్నీ ఒకేసారి ఒకే మనిషి మీద పడితే ఎలా ఉంటుందో తెలిసిన మనిషిగా మాట్లాడుతున్నాను.

పోయిన ఏడాది ఆషాఢంలో ఒక మంగళవారం రాత్రి జరిగింది చెబుతాను. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేదు. నేను పొద్దున చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్లో మారి, హైటెక్ సిటీలో దిగుతాను. సాయంత్రం అదే దారి తిరిగి. ఆ రోజు ఇంటికొచ్చేసరికి ఎనిమిది. కుక్కర్ పెట్టి, పప్పులో పోపు వేసి, అమ్మకి మాత్రలు ఇచ్చి, తిని, అంట్లు తోమి, పొద్దున్నకి పెసలు నానబోస్తున్నాను. పదిన్నర దాటింది. ఫోను మోగింది. యాప్‌లో పరిచయమైన ఒకాయన. "హాయ్, ఈ రోజు ఎలా గడిచింది?"

ఆ మాటలో తప్పేముంది చెప్పండి? మర్యాదగా అడిగాడు. కానీ ఆ వారంలో ఆ ప్రశ్న నన్ను అడిగినవాళ్లలో ఆయన మూడో మనిషి. చేతులకి తడి, గిన్నెలో పెసలు, ఫోను గట్టు మీద వెలుగుతోంది. నాకు ఏడుపొచ్చింది. కారణం లేదు, అలా కారిపోతోంది అంతే. అమ్మ మంచం మీద నుంచే "ఏమైంది బిడ్డా" అంది. "ప్రాణం విసిగిపోయిందమ్మా" అన్నాను. అమ్మ కాసేపు ఊరుకుని, "దేనికి?" అంది.

నా దగ్గర జవాబు లేదు. దేనికి? అంట్లకా? ఆఫీసుకా? ఆ ముక్కూ మొహం తెలియని మనిషికా? నాకా? అన్నిటికీ అని అనిపించింది. ఆ "అన్నిటికీ" అన్న మాటే నన్ను చాలాకాలం తప్పుదారి పట్టించిందని తర్వాత అర్థమైంది.

మన భాషలో దీనికి ఎన్ని మాటలున్నాయో చూడండి. విసుగు. చిరాకు. రోత. వెగటు. మాది వరంగల్ వైపు, మా నాయనమ్మ "యాష్టకొచ్చింది బిడ్డా" అనేది. ఇప్పుడు మనం అన్నిటికీ కలిపి "బోర్ కొడుతోంది" అంటున్నాం, లేదంటే "ఫెడప్ అయిపోయా" అంటున్నాం. కానీ పాత మాటలు ఒకదాని బదులు ఒకటి వాడేవి కావు. అన్నం విషయమే చూడండి. రోజూ అదే పప్పు పెడితే విసుగొస్తుంది. జిలేబీలు ఒకదాని మీద ఒకటి ఆరు తింటే వెగటు పుడుతుంది. మొదటిది మార్పు లేక వచ్చింది. రెండోది మోతాదు మించి వచ్చింది. మొదటిదానికి మందు పప్పు మానేయడం కాదు, ఎందుకంటే రేపు కూడా అన్నం తినాలి. రెండోదానికి మందు కొన్నాళ్లు ఆ తీపి వైపు చూడకుండా ఉండటం.

ఆ రాత్రి నాకు రెండూ ఒకేసారి ఉన్నాయి. ఇంటి పనులంటే విసుగు. సంబంధాలు, చాటింగులంటే వెగటు. రెండిటినీ ఒకే మూటలో కట్టి "నా బతుకే ఇంత" అనుకున్నాను. నేను చెప్పదలచుకున్నదంతా ఆ మూట విప్పడం గురించే.

ముందు విసుగు.

ఇంటి పనికి ఒక గుణం ఉంది. చేస్తే కనపడదు, చేయకపోతే కనపడుతుంది. తోమిన గిన్నెలు అరలో ఉంటే ఎవరూ చూడరు. తోమనివి సింకులో ఉంటే ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ చూస్తారు. ఆఫీసులో నెలాఖరుకి లెక్కలు ముగిస్తే "క్లోజ్ అయింది" అంటాం, ఆ నెల మళ్లీ రాదు. అంట్లకి అలాంటి ముగింపు లేదు. రాత్రి ఖాళీ చేసిన సింకులో పొద్దున కాఫీ గ్లాసు పడుతుంది.

ఇంకో సంగతి. ఆ పని చేతులతో చేసేది సగమే. మిగతా సగం తలలో ఉంటుంది. మా వీధిలో నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. ఈ నగరానికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో ఎప్పుడైనా ఆలోచించారా? 1908లో మూసీ వరద ఊరిని ముంచేశాక ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. మా అమ్మ తరం వాళ్లకి ఇప్పటికీ అవి గండిపేట నీళ్లే. ఆ తర్వాత మంజీరా, ఆ తర్వాత కృష్ణ, గోదావరి. కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణం చేసి వస్తాయి. ఎంతమంది ఇంజనీర్లు, ఎన్ని పంపులు, ఎంత కరెంటు! అంత దూరం వచ్చిన నీళ్లు సంపులోంచి పైన ట్యాంకులోకి ఎక్కడానికి మాత్రం ఆ ఇంట్లో ఎవరో ఒకరికి గుర్తుండాలి. ఇవాళ నీళ్ల రోజు, మోటరు వేయాలి, నిండాక కట్టేయాలి. ఆ ఎవరో ఒకరు చాలా ఇళ్లలో ఆడమనిషి. పాల ప్యాకెట్లు ఎన్ని చెప్పాలో, గ్యాస్ ఎప్పుడు బుక్ చేయాలో, తడి చెత్త, పొడి చెత్త విడివిడిగా పెట్టి స్వచ్ఛ ఆటో హారన్ కొట్టేలోపు కిందికి దింపామో లేదో, మాత్రల షీటులో ఎన్ని మిగిలాయో... ఇవన్నీ ఎక్కడా రాసి ఉండవు. ఒకరి తలలో ఉంటాయి. ఆ తల పడుకున్నప్పుడు కూడా ఖాళీగా ఉండదు.

ఇది నా ఒక్కదాని బాధ కాదు, ప్రభుత్వ లెక్కల్లోనే ఉంది. జాతీయ గణాంక కార్యాలయం వాళ్లు జనం రోజంతా ఏ పని మీద ఎంతసేపు గడుపుతున్నారో అడిగి లెక్క కడతారు. 2019లో దేశంలో ఇంటి పని చేసే ఆడవాళ్లు దాని మీద రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారు. ఇంటి పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు. మళ్లీ 2024లో లెక్క తీశారు. ఆడవాళ్లకి 289, మగవాళ్లకి 88. నేను లెక్కలు చూసే మనిషిని, ఈ నాలుగు అంకెల దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఐదేళ్లలో ఆడవాళ్లకి పది నిమిషాలు తగ్గింది. మగవాళ్లకీ తొమ్మిది నిమిషాలు తగ్గింది! అంటే ఆడవాళ్లకు తగ్గిన ఆ పది నిమిషాలు మగవాళ్ల చేతుల్లోకి రాలేదు. పైగా ఈ సగటు ఆ పని ముట్టుకున్నవాళ్లది మాత్రమే. ఏదో ఒక ఇంటి పని చేసిన మగవాళ్లు నూటికి ఇరవై ఏడు మందే. మిగిలిన డెబ్భై ముగ్గురూ ఆ సగటులో లేనే లేరు. 289 నిమిషాలంటే నాలుగు గంటల 49 నిమిషాలు. ఇందులో పిల్లల్నీ పెద్దల్నీ చూసుకునే సమయం కలపలేదు, దాన్ని వేరే లెక్క కడతారు.

2019లోనే ఇంకొకటి జరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల పట్టికలో "బర్నౌట్" అనే మాటని వివరించింది. ఒంట్లో సత్తువ అయిపోవడం, చేసే పనికి మనసు దూరమైపోవడం, ఏం చేసినా చేసినట్టు అనిపించకపోవడం, ఈ మూడూ కలిస్తే బర్నౌట్. చదువుతుంటే నా గురించే రాసినట్టుంది. చివర ఒక వాక్యం ఉంది, ఇది ఉద్యోగానికి సంబంధించినది మాత్రమే, జీవితంలో మిగతా విషయాలకి ఈ మాట వాడకూడదని. వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి, వాళ్లతో వాదించే చదువు నాకు లేదు. కానీ నలభై ఏళ్లు పొయ్యి ముందు నిలబడి మోకాళ్లు అరిగిన మా అమ్మకి మూడు లక్షణాలూ ఉన్నాయి. ఆమె పేరు మీద ఏ ఆఫీసులోనూ ఉద్యోగం లేదు. మరి ఆమెకి వచ్చినదాని పేరేమిటి?

సరే, పనికి మనిషిని పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకున్నాం కూడా, అమ్మకి బాగా లేనప్పుడు. ఆమె మా ఇంటితో కలిపి ఐదిళ్లలో అంట్లు తోమి వెళ్లి, తన ఇంట్లో ఆరో ఇంటి అంట్లు తోముతుంది. నాకు పోయిన విసుగు గాల్లో కలిసిపోలేదు, మెట్లు దిగి ఆమె వెంట వెళ్లింది. పనికి మనిషిని పెట్టుకోవద్దని నేను అనడం లేదు, ఆమెకి ఆ డబ్బు కావాలి. వారానికి ఒక సెలవు, పండక్కి బోనస్, మన ఇంట్లో కూర్చుని టీ తాగే కుర్చీ, ఇవి ఆమె అడగకముందే ఇవ్వాలని అంటున్నాను.

ఇప్పుడు చిక్కుడుకాయల సంగతి చెప్పాలి. డిసెంబరులో ఒక ఆదివారం మార్కెట్లో చిక్కుళ్లు చవగ్గా ఉన్నాయని రెండు కేజీలు తెచ్చాను. ఈనెలు తీయడమంటే మీకు తెలుసు, ఒక్కొక్క కాయా రెండు పక్కలా లాగాలి, పురుగుందేమో విప్పి చూడాలి. నాకు అన్నిటికన్నా విసుగైన పని. వంటింట్లో వేడిగా ఉందని బయట వరండాలో చాప వేసుకుని కూర్చున్నాను. ఎదురింటి పిన్నిగారు బయటికొచ్చి, ఏమీ అనకుండా చాప మీద కూర్చుని ఒక గుప్పెడు తన వైపు లాక్కున్నారు. వాళ్లది రాజమండ్రి. కాసేపటికి పై ఫ్లాటులో ఉండే కుర్రాడు, ఫార్మా కంపెనీలో చేస్తాడు, మెట్లు దిగుతూ ఆగి "ఏం చేస్తున్నారు అక్కా" అని వాడూ కూర్చున్నాడు. అమ్మ కుర్చీ తెప్పించుకుంది. గంటన్నర. ఏవేవో మాట్లాడుకున్నాం. చిక్కుడులో పాలు పోసి వండుతారని పిన్నిగారు, అల్లం వెల్లుల్లి లేకపోతే అదేం కూర అని అమ్మ. రెండు కేజీలూ ఎప్పుడు అయిపోయాయో తెలియలేదు.

ఆ రాత్రి పడుకుని ఆలోచించాను. అదే పని. అవే చేతులు. కాయలు కూడా ఎక్కువే. మరి విసుగు ఎటు పోయింది? నాకు తోచింది ఇది. ఒకే పని మళ్లీ మళ్లీ చేయడం మనిషిని అంతగా అరగదీయదు. ఆ పని చేస్తున్నట్టు ఎవరికీ తెలియకపోవడం అరగదీస్తుంది. పక్కన ఒక మనిషి ఉంటే ఆ గంట లెక్కలోకి వస్తుంది. లేకపోతే ఎవరూ చూడని గంట అయిపోతుంది.

పాతకాలం బాగుండేదని చెప్పడానికి వచ్చానని అనుకోకండి. మా నాయనమ్మ ఇసుర్రాయి దగ్గర పాటలు పాడేది. ఆ పాటల్లో సగం ఏడుపే. అత్త పెట్టే బాధలు, రాని అన్న కోసం ఎదురుచూపులు. పదిమంది ఉన్న ఇంట్లో పదిమందికీ ఒకరే వండేవారు, అందరూ తిన్నాక మిగిలింది తినేవారు. అది తోడు కాదు, చాకిరి. మిక్సీ వచ్చినందుకు, గ్యాస్ వచ్చినందుకు నేను రోజూ సంతోషపడతాను. కాకపోతే ఇసుర్రాయి పోతూ పోతూ దానికి అటు పక్కన కూర్చునే రెండో మనిషిని కూడా తీసుకుపోయింది. రాయి మళ్లీ తేవక్కర్లేదు. ఆ మనిషిని తెచ్చుకోవచ్చు.

ఇక వెగటు.

సంబంధాలు చూడటం ఎలా ఉంటుందో ఇక్కడ చాలామందికి తెలుసు. ఫొటో, బయోడేటా, గోత్రం, నక్షత్రం, ప్యాకేజీ, సొంత ఇల్లు ఉందా, అమెరికా వెళ్తారా. ఈ ప్రశ్నలు తప్పించుకోవడానికి యాప్‌లోకి వెళ్లాను. అక్కడ గోత్రం లేదు, మిగతావన్నీ ఉన్నాయి. ఏ కంపెనీ, ఏ ఏరియా, వీకెండ్ ఏం చేస్తారు, ట్రావెలింగ్ ఇష్టమా, డాగ్సా క్యాట్సా. పెళ్లిచూపుల్లో ఏడాదికి ముగ్గుర్ని చూసేదాన్ని. ఫోన్లో ఒక్క రాత్రిలో నలభై ముఖాలు చూసేదాన్ని, మెట్రోలో నిలబడి, బొటనవేలితో. ఒక్కొక్క ముఖానికి రెండు సెకన్లు. ఎవరి కొడుకో, ఎవరి అన్నో, ఏ ఆశతో ఆ ఫొటో పెట్టుకున్నాడో. నేను వాళ్లని చిక్కుడుకాయల్లా ఏరేదాన్ని, ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధ. వాళ్లూ నన్ను అలాగే ఏరారు.

ఎందుకు ఆపలేకపోయానని వెతికితే ఒక పాత పరిశోధన కనిపించింది. బి.ఎఫ్. స్కిన్నర్ అని అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త. పావురాలతో ప్రయోగాలు చేశాడు. మీట పొడిస్తే గింజ పడుతుంది. ప్రతిసారీ గింజ పడితే, ఆ తర్వాత గింజలు ఆపేసినప్పుడు పావురం త్వరగానే మానుకుంటుంది. ఎప్పుడు పడుతుందో తెలియకుండా, ఒకసారి మూడు పొడుపులకి, ఒకసారి ముప్ఫైకి పడేలా పెడితే పావురం పొడుస్తూనే ఉంటుంది, గింజలు ఆపేశాక కూడా. ఎక్కువసేపు, ఎక్కువసార్లు. యాప్‌లో నా బొటనవేలు ఆ పావురం ముక్కు. నలభై ముఖాలకి ఒక "మ్యాచ్", నాలుగు మ్యాచ్‌లకి ఒక మాట, పది మాటలకి ఒక కాఫీ. తినే గింజ తక్కువ, పొడిచే పొడుపులు ఎక్కువ. ఇందులో నా గుణం చెడ్డదైంది లేదు, అవతలి మనిషిది చెడ్డదైంది లేదు. ఆ ఏర్పాటే అలాంటిది.

ఒక కాఫీ గురించి చెబుతాను. నెక్లెస్ రోడ్డు వైపు ఒక కాఫీ షాపు, ఆదివారం సాయంత్రం. ఆయన గచ్చిబౌలిలో ఉద్యోగం. మర్యాదస్తుడు. ప్రశ్నలు అడిగాడు, నేను జవాబులు చెప్పాను. నేను అడిగాను, ఆయన చెప్పాడు. ఇద్దరికీ జవాబులు నోటికొచ్చేసి ఉన్నాయి, ఎక్కడ నవ్వాలో కూడా. మధ్యలో ఆయన ఆగి కళ్లు మూసుకుని, "ఏమీ అనుకోకండి, ఈ వారంలో నాకిది మూడో మీటింగు" అన్నాడు. "నాకు రెండోది" అన్నాను. ఆ తర్వాత ఇద్దరం చాలాసేపు ఏం మాట్లాడలేదు. బయట హుస్సేన్ సాగర్ మీద దీపాలు వెలుగుతున్నాయి. చివరికి ఆయన, వాళ్ల నాన్నగారు పోయాక ఇంట్లో చొక్కాలు ఇస్త్రీ చేసేవాళ్లు లేరని, ఆదివారం రాత్రి ఐదు చొక్కాలు ఇస్త్రీ చేస్తుంటే నాన్న గుర్తొస్తాడని చెప్పాడు. వాళ్ల నాన్న ఇంట్లో అందరి బట్టలూ ఇస్త్రీ చేసేవాడట. నాలుగేళ్లలో ఆ యాప్ ద్వారా నేను విన్న నిజమైన మాట అదొక్కటే అనిపించింది. మేం మళ్లీ కలవలేదు. ఇద్దరిలోనూ అప్పటికే తడి ఆరిపోయింది. అదే ఆయన్ని తాజాగా ఉన్నప్పుడు కలిసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు.

ఆషాఢం అన్నాను కదా ఇందాక. మనవాళ్లు ఆషాఢంలో పెళ్లిళ్లు చేయరు. మూఢంలో కూడా అంతే, గురుడో శుక్రుడో సూర్యుడికి దగ్గరై ఆకాశంలో కనపడని రోజులు అవి. ఆ నమ్మకాల మీద మీకు ఏ అభిప్రాయమైనా ఉండనీయండి, నేను వేరే వైపు నుంచి చూస్తున్నాను. ఆ రోజుల్లో మా ఇంటికి ఫోన్లు వచ్చేవి కావు. "ఇప్పుడు మంచిరోజులు లేవు, శ్రావణంలో చూద్దాం" అనేవాళ్లు. ఆ నెల అమ్మ మొహం తేటగా ఉండేది. ఆషాఢంలో బోనాలు చూడటానికి మా మేనత్త ఇంటికి లాల్‌దర్వాజ వెళ్లేవాళ్లం, అక్కడ ఎవరూ నన్ను పెళ్లి గురించి అడిగేవాళ్లు కాదు. నేను ఒక నెల పాటు పెళ్లి కావాల్సిన అమ్మాయిని కాకుండా ఉత్త మనిషిని అయ్యేదాన్ని.

యాప్‌కి ఆషాఢం లేదు. అందుకే ఆ మంగళవారం రాత్రి, ఆషాఢంలో, పెసల గిన్నె ముందు ఆ ఫోను మోగింది.

మర్నాడు నాకు నేనే ఒక ఆషాఢం పెట్టుకున్నాను. యాప్ తీసేశాను. మేనమామకి, పెద్దమ్మకి ఫోన్ చేసి దీపావళి దాకా ఏ సంబంధమూ చెప్పొద్దని అన్నాను. "నలభై దాటాక కూడా ఆగడమేంటే" అని పెద్దమ్మ బాధపడింది. ఆమె ప్రేమతోనే అంది, ఆ మాట మాత్రం గుచ్చుకుంది. అయినా ఆగాను. దీన్ని నేను "మానేశాను" అని ఎవరికీ చెప్పలేదు. ఫలానా రోజు దాకా ఆపాను అని చెప్పాను. గడువు ఉంటే మనసు కుదుటపడుతుంది. తీపి తినడం జీవితంలో మానేశానంటే మనసు మొరాయిస్తుంది, పండగ దాకా వద్దంటే ఒప్పుకుంటుంది. మూడు నెలలకి నాకు మళ్లీ ఒక మనిషి గురించి తెలుసుకోవాలన్న ఆసక్తి కలిగింది, నిజంగా. ఇప్పుడు తెలిసినవాళ్ల ద్వారా ఎవరైనా ఉంటే కలుస్తాను. ఒకరితో మాట్లాడుతున్నప్పుడు ఇంకొకరితో మాట్లాడను. వీలైతే ఎదురెదురుగా కూర్చోబెట్టే చోట కలవను. ఆదివారం అబిడ్స్‌లో పాత పుస్తకాలు పేవ్‌మెంట్ మీద పెడతారు, అక్కడ పక్కపక్కన నడుస్తూ కలుస్తాను. మనిషి ఏ పుస్తకం దగ్గర వంగుతాడో, బేరం ఎలా ఆడతాడో చూస్తే వందకి యాభై ప్రశ్నలు అడగక్కర్లేదు.

ఈ రెండూ కలిపేసుకుంటే ఏమవుతుందో చెప్పి ముగిస్తాను. నేను చేసిన తప్పు, పెళ్లయితే ఈ అంట్ల విసుగు పోతుందనుకున్నాను. ఇందాక చెప్పిన అంకెలు చూస్తే ఎందుకు పోతుంది? నా స్నేహితురాలు ఒకామె, కూకట్‌పల్లిలో ఉంటుంది, దీనికి సరిగ్గా ఎదురు తప్పు చేయబోయింది. ఇద్దరు పిల్లలు, భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు. ఆమె పని విసుగుని భర్త మీద వెగటు అనుకుంది. ఆయన గొంతు వింటేనే చిరాకు అనేది. విడిపోదామన్న దాకా వెళ్లారు. గొడవల మధ్య ఒకసారి, పిల్లల లంచ్ బాక్సుల బాధ్యత మొత్తం ఆయన తీసుకున్నాడు. సాయం కాదు, మొత్తం. ఏం వండాలో ఆలోచించడం, కూరగాయలు తేవడం, డబ్బా కడగడం, మూత పోతే కొత్తది కొనడం. రెండు నెలల తర్వాత ఆమె నాతో, "ఆయన గొంతు మళ్లీ మామూలుగా వినిపిస్తోంది" అంది. అందరికీ ఇలాగే కుదురుతుందని చెప్పను. ఇంకో స్నేహితురాలి ఇంట్లో భర్త చెయ్యి చేసుకునేవాడు, అక్కడ ఆమె బయటికి రావడమే సరైనది, వచ్చింది. అది విసుగూ కాదు, వెగటూ కాదు, దాన్ని ఈ లెక్కల్లో కలపకూడదు.

ఇంకొకటి కూడా ఈ లెక్కలోది కాదు. ఇంతకుముందు ఇష్టమైనవి కూడా రుచించకపోవడం, నిద్ర పట్టకపోవడం లేదా లేవలేకపోవడం, ఏ పనీ మొదలుపెట్టలేకపోవడం, ఇది రెండు వారాలు దాటి ప్రతిరోజూ ఉంటే దాన్ని విసుగు అనుకుని ఓర్చుకోవద్దు. చచ్చిపోవాలనిపిస్తే రెండు వారాలు కూడా ఆగొద్దు. టెలీ మానస్ అని ప్రభుత్వ హెల్ప్‌లైన్ ఉంది, 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడొచ్చు. ఇప్పుడే ఫోన్లో వేసుకోండి. మీకు కాకపోయినా పక్కవాళ్లకి పనికొస్తుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక అమ్మాయి: అక్కా, నేను ఎస్.ఆర్.నగర్‌లో హాస్టల్లో ఉంటాను. రూమ్మేట్‌కి నైట్ షిఫ్ట్. ఆమె వచ్చేసరికి నేను వెళ్లిపోతాను. నాకు పక్కన కూర్చునేవాళ్లు ఎవరు?)

నీ ప్రశ్న నన్ను కదిలించింది తల్లీ. ఆ హాస్టళ్లలో ఒక్కో అంతస్తులో ఇరవై మంది ఉంటారు, ఇరవై మందీ ఒంటరిగా బట్టలు ఉతుక్కుంటారు. నువ్వు ఏ రోజు ఉతుకుతావు? ఆదివారమా? మిగతావాళ్లూ ఆదివారమే కదా. అయితే గదిలో తలుపేసుకుని మడతలు పెట్టకు. మేడ మీద పెట్టు. మొదటి వారం ఎవరూ పలకరించరు, రెండో వారం కూడా పలకరించకపోవచ్చు. ఒక బకెట్ క్లిప్పులు ఎక్కువ తీసుకెళ్లు, క్లిప్పులు ఎప్పుడూ ఎవరికో ఒకరికి తక్కువ పడతాయి. ఇక మీ ఊళ్లో అమ్మతో ఫోన్ మాట్లాడేటప్పుడు ఊరికే కూర్చుని మాట్లాడకు. అమ్మ కూర తరుగుతున్నప్పుడు, నువ్వు మడతలు పెడుతున్నప్పుడు మాట్లాడుకోండి, స్పీకర్ పెట్టి. మధ్యలో ఇద్దరూ ఏం మాట్లాడకపోయినా పెట్టేయొద్దు.

(ఒక అబ్బాయి: మేడమ్, ఇంట్లో పని చేస్తానంటే అమ్మే వద్దంటుంది. నువ్వు చేస్తే నాకు రెండు పనులవుతాయి అంటుంది. నేనేం చేయాలి?)

అమ్మ నిజమే చెబుతోంది నాయనా. నువ్వు "సాయం చేస్తా" అని వెళ్తున్నావు. సాయం అంటే పని ఆమెది, నువ్వు చుట్టానివి. ఆమె నీకు ఏం చేయాలో చెప్పాలి, ఎలా చేయాలో చెప్పాలి, చేశాక చూడాలి. అందుకే రెండు పనులవుతున్నాయి. ఒక్కటే పని తీసుకో, మొత్తం తీసుకో, ఆమె దాని గురించి ఇక ఆలోచించకూడదు. ఏది తీసుకుంటావు?

(అబ్బాయి: నీళ్ల మోటరు, మేడమ్.)

మంచిది. మీది ఏ ఏరియా? రాంనగరా? మీకు నీళ్లు రేపా, ఎల్లుండా?

(అబ్బాయి: ... అమ్మని అడగాలి, మేడమ్.)

అమ్మని అడగొద్దు. వెళ్లేటప్పుడు కింద వాచ్‌మన్‌ని అడుగు, అతనికి తెలుస్తుంది. ఈ రాత్రి సంపు మూత తీసి ఎంత ఉందో చూసుకో.